గేమ్స్ ఆడేవారికి కంప్యూటర్ భాషలతో పనేమిటి?

గేమ్స్ ఆడుకోవడానికి, ఇంట్లో కంప్యూటర్ వాడుకోవడానికి సీ, జావా వంటి భాషలు రావాలా అని అడిగారు. రానక్కరలేదు. అయితే మీరు వాడే ప్రోగ్రామ్ ఏ భాషలో తయారైందో తెలిసి ఉంటే, అది మొరాయించినప్పుడు డబ్బు తగలేయకుండా బయటపడవచ్చు.

గాజువాకలో ఉండే మా మేనల్లుడికి మైన్‌క్రాఫ్ట్ అంటే ప్రాణం. ఆట మొదలైన కాసేపటి నుంచి తెర మీది బొమ్మ క్షణంపాటు బిగుసుకుపోవడం, కదలడం, మళ్లీ బిగుసుకుపోవడం. "గ్రాఫిక్స్ కార్డు మార్చాల్సిందేనట మావయ్యా" అని షాపువాడి మాట నాకు ఒప్పజెప్పాడు. వాడు ఆడేది జావాలో రాసిన జావా ఎడిషన్ అని తెలియగానే నాకు అనుమానం వచ్చి, ఎఫ్3 నొక్కమన్నాను. అప్పుడు తెర కుడివైపున మెమరీ వాడకం శాతాల్లో కనిపిస్తుంది. ఆ అంకె తొంభై దాటేదాకా ఎక్కి ఒక్కసారిగా కిందకు జారుతోంది. అది జారిన ప్రతిసారీ ఆట ఆగుతోంది.

సీ ప్లస్ ప్లస్‌లో రాసేవారు వాడేసిన మెమరీని ఎప్పుడు విడిపించాలో తామే చూసుకోవాలి. జావాలో ఆ పనిని గార్బేజ్ కలెక్టర్ అనే భాగం చేస్తుంది కానీ, మెమరీ ఇరుకైతే అది మాటిమాటికీ ఆటకు అడ్డుపడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది సుమారు 16.7 మిల్లీసెకన్లే కాబట్టి, ఊడ్చే పని అంతకు మించి సాగితే కంటికి పట్టుబడిపోతుంది. ఆటను తెరిచే లాంచర్ సెట్టింగుల్లో, జావాకు ఇచ్చే ఆదేశాలుండే జేవీఎం ఆర్గ్యుమెంట్స్ గడిలో మెమరీ హద్దు 2జీ (అంటే 2 జీబీ) అని ఉన్నచోట 4జీ అని మార్చాం. కుదుపులు దాదాపు పోయాయి, కార్డు ఖర్చు తప్పింది. ఉన్న ర్యామ్ అంతా ఆటకే ధారపోయకూడదు సుమా, విండోస్‌కూ కొంత మిగలాలి.

దీన్ని బట్టి జావా చెడ్డది, సీ ప్లస్ ప్లస్ గొప్పది అని తేల్చేవారితో నాకు పేచీ ఉంది. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన జీటీఏ ఆన్‌లైన్ అనే ఆట తెరుచుకోవడానికి నిమిషాలకు నిమిషాలు పట్టేది. 2021లో ఒక ఆటగాడు లోపలికి వెళ్లి చూస్తే, సుమారు 10 ఎంబీల జాబితాను చదివే కోడ్ ఒక్కో ముక్కకూ మిగతా జాబితా పొడవంతా మళ్లీ కొలుస్తోందని బయటపడింది. దాన్ని సరిచేస్తే లోడింగ్ సమయం దాదాపు 70 శాతం తగ్గింది. ఆ ఆటను తయారుచేసిన కంపెనీ అతనికి 10,000 డాలర్లు ఇచ్చింది. రాసే తీరు అలా ఉంటే ఏ భాషైనా చతికిలపడుతుంది.

ఇక రోజువారీ వాడకానికి వస్తే, బ్రౌజరూ విండోసూ ఎక్కువగా సీ, సీ ప్లస్ ప్లస్‌ల మీద నడుస్తున్నా మనకు అవి కనబడవు. కనబడే భాష ఎక్సెల్ ఫార్ములాలే. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కల్లో బకాయి ఉన్న ఫ్లాటుకు జరిమానా కలిపే ఇఫ్ ఫార్ములా రాసింది పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు. ఆయనను ప్రోగ్రామర్ అంటే నవ్వేస్తారు కానీ, ఆయన రాసింది ప్రోగ్రామే.

ద్వారకానగర్‌లో జావా కోర్సును గేమ్ డెవలపర్ ఉద్యోగం ఆశ చూపి అమ్మే కోచింగ్ సెంటర్ల మీదే నా కోపమంతా. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంజిన్ అంటారు. అలాంటి యూనిటీలో రాయాల్సింది సీ షార్ప్, అన్‌రియల్‌లో సీ ప్లస్ ప్లస్. గేములు తయారుచేయాలన్న కోరిక మీకు నిజంగా ఉంటే, ఫీజు కట్టకముందే ఏ ఇంజిన్ మీద నేర్పుతారో అడగండి. ఈలోగా రోబ్లాక్స్ స్టూడియో ఉచితంగా దొరుకుతుంది. అందులోని భాష లూవా నుంచి వచ్చింది, తేలికగానే పట్టుబడుతుంది.