మూడో వారానికే రోబో దగ్గరికి ఎవరూ రావడం లేదా?

మీ నావో (మనిషి ఆకారంలో ఉండే చిన్న రోబో) చుట్టూ మొదటి వారం గుమిగూడిన స్టాటిస్టిక్స్ విద్యార్థులు మూడో వారానికి ముఖం చాటేశారని, పైగా దానికి మాటలు సరిగా వినపడటం లేదని రాశారు.

మొదటిదానిలో తప్పు రోబోది కాదు, దానికి అప్పగించిన పనిది. పాఠం అప్పజెప్పడానికి 58 సెంటీమీటర్ల మరమనిషి ఎందుకు? వీడియో చాలు. దానిచేత ప్రశ్నలు అడిగించండి. "పి విలువ 0.03 వచ్చింది, అంటే శూన్య పరికల్పన నిజమయ్యే అవకాశం మూడు శాతం" అని విద్యార్థి పొరపాటుగా అన్నాడనుకోండి. (శూన్య పరికల్పన అంటే 'తేడా ఏమీ లేదు' అనే ఊహ; పి విలువను ఆ ఊహ నిజమనుకునే లెక్కిస్తాం.) రోబో వెంటనే తప్పు దిద్దకూడదు. "ఆ 0.03 లెక్కించేటప్పుడు దేన్ని నిజమనుకున్నాం?" అని అడిగి, పది సెకన్లు ఊరుకోవాలి. చాలామంది ఆ మౌనంలోనే నాలుక కరుచుకుంటారు. మేము మొదట రెండు సెకన్లే పెట్టాం. ఆలోచిస్తున్నవారికి అడ్డుపడి విసిగించేది.

వినికిడి సంగతి తేలిక. తలలో నాలుగు మైకులున్నా, లోపలి ఫ్యాను రొద కూడా వాటికి చేరుతుంది. విద్యార్థి ముందు విడిగా ఒక మైకు పెట్టండి.

కిందటిసారి ఎవరు ఎక్కడ ఆగారో రోబో గుర్తుంచుకునేలా చేయండి, వారి అనుమతితోనే సుమా. చేతులు ఊపడం మాత్రం తగ్గించండి; లెక్క మధ్యలో అదొక చికాకు.