టెక్ సందేహాలు: యాప్‌లో ‘హీటింగ్’ అని ఉంది, ఇంట్లో మాత్రం వేడి లేదు

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలు వచ్చే వారం చూద్దాం. ఈసారి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ అమెరికాలో చలి ప్రాంతాల్లో ఉంటున్న మనవాళ్ళవి, అవీ చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళ నుంచి. అందుకే ముందు ఫర్నేస్, అంటే ఇల్లంతటికీ వేడి గాలి పంపే యంత్రం సంగతి.

ప్రశ్న: నేపర్‌విల్‌లో ఉంటాం, ఈ ఇల్లు కొన్నాక ఇదే మొదటి చలికాలం. రాత్రి రెండింటికి బాబు ఏడుస్తుంటే లేచి చూస్తే ఇంట్లో 58 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇంటి వేడిని సెట్ చేసే స్మార్ట్ థర్మోస్టాట్‌లోనూ ఫోన్ యాప్‌లోనూ ‘హీటింగ్’ అనే ఉంది, గాలి వచ్చే వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలే లేదు. యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా, థర్మోస్టాట్ రీసెట్ చేశా, రూటర్ కూడా ఆపి ఆన్ చేశా. కొత్త థర్మోస్టాట్ కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. ‘హీటింగ్’ అని కనిపిస్తే థర్మోస్టాట్ వేడి కావాలని అడిగింది అని మాత్రమే అర్థం, కింద బేస్‌మెంట్‌లో ఫర్నేస్ వెలిగిందో లేదో దానికి తెలీదు. చాలా ఇళ్ళల్లో ఈ రెండిటి మధ్య ఉండేది 24 వోల్టుల సన్న వైర్లే, అడగడానికి దారి ఉంది గానీ ఫర్నేస్ నుంచి జవాబు రావడానికి దారి లేదు. కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని, టార్చ్ తీసుకుని కిందకి వెళ్ళండి.

ఫర్నేస్ పక్కన గోడకో దాని మీదో అచ్చం లైట్ స్విచ్ లాంటిది ఒకటి ఉంటుంది, సామాన్లు తీసుకోడానికి వెళ్ళినవాళ్ళు లైటనుకుని దాన్ని ఆపేయడం మామూలే, ముందు అది చూడండి. తర్వాత బ్రేకర్. తర్వాత ఫిల్టర్, మీది కొత్తగా కొన్న ఇల్లు కాబట్టి పాత ఓనర్ పెట్టిందే ఇంకా ఉండొచ్చు. దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక లోపల వేడి పెరిగి లిమిట్ స్విచ్ మంటని ఆపేస్తుంది. ఫిల్టర్ అట్ట అంచు మీద 16x25x1 అనో ఇంకోటో సైజు రాసి ఉంటుంది, అదే సైజు తెచ్చుకోండి.

ఇవన్నీ బాగుంటే ఫర్నేస్ ఎదురుగా నిలబడి వినండి, నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరగాలి, పొగ బయటికి పోతోందని ప్రెజర్ స్విచ్ ఒప్పుకోవాలి, అప్పుడు మంట అంటించే ఇగ్నైటర్ నారింజ రంగులో కణకణలాడాలి, గ్యాస్ వాల్వ్ టక్కుమని తెరుచుకుని మంట అంటుకోవాలి, మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ చెప్పాలి, ఇంకాసేపటికి బ్లోయర్ అనే పెద్ద ఫ్యాన్ మొదలై మీకు పైన గాలి రావాలి. ఈ వరుసలో ఎక్కడ ఆగిందో అక్కడే లేదా దానికి ఒక అడుగు ముందు తేడా ఉంటుంది. మంట వచ్చి కొన్ని సెకన్లకే ఆరిపోతుంటే చాలాసార్లు ఫ్లేమ్ సెన్సర్‌కి మసి పట్టి ఉంటుంది, అది శుభ్రం చేస్తే పోయే చిన్న పని. ఇండ్యూసర్ తిరుగుతూనే ఉండి ఇగ్నైటర్ ఎర్రబడకపోతే ఒకసారి ఇంటి బయటికి వెళ్ళండి, హై ఎఫిషియెన్సీ ఫర్నేస్‌లకి తెల్ల పీవీసీ పైపులు పక్క గోడలోంచి బయటికి వస్తాయి, స్నో వాటిని కప్పేసిందంటే ప్రెజర్ స్విచ్ ఒప్పుకోదు. చేత్తో స్నో తీసేస్తే చాలు.

ఇంకోటి, కింది పానెల్‌కి చిన్న గాజు కన్నం ఉంటే అందులోంచి ఒక ఎల్ఈడీ మినుక్కుమంటూ కనిపిస్తుంది. ఎన్నిసార్లు మినుక్కుమందో లెక్కపెట్టండి, వీడియో తీసుకోండి. ఆ లెక్కకి అర్థం పానెల్ లోపలి వైపు స్టిక్కర్ మీద ఉంటుంది. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఇంటర్నెట్‌లో వేరేవాళ్ళ కోడ్ చూసి పార్టులు కొనకండి. పానెల్ తీస్తే డోర్ స్విచ్ వల్ల కరెంట్ పోతుంది, అది మీ భద్రత కోసమే, దానికి టేపు వేసి నొక్కి పెట్టొద్దు. బ్రేకర్ ఒక్కసారి ఆపి ఆన్ చేసి చూడండి చాలు, మళ్ళీ మళ్ళీ రీసెట్ కొట్టొద్దు. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బాబుని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయి అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

మా ఇంట్లో ఓ జనవరిలో ఇలాగే అయితే వచ్చిన టెక్నీషియన్ పది నిమిషాలు చూసి ఫర్నేస్ మొత్తం మార్చాలన్నాడు. నేను ఆ బ్లింకుల వీడియో ఇంకో అతనికి పంపితే సాయంత్రం వచ్చి, ఫర్నేస్ నుంచి నీళ్ళు పోయే సన్న పైపులో అడ్డుపడ్డ జిగురు తీసి వెళ్ళాడు, అంతే. అందుకే వీడియో తీయమని ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న: మాది డెట్రాయిట్ దగ్గర. అమ్మానాన్న వరంగల్ నుంచి వచ్చి ఉన్నారు, ఫర్నేస్ పార్టు రావడానికి రెండ్రోజులట. గ్రిల్ బొగ్గులు లోపల కుంపటిలా వెలిగిద్దామని నాన్న అంటున్నారు, నేను గ్యాస్ ఓవెన్ తలుపు తీసి పెట్టా. స్పేస్ హీటర్ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టి ఫోన్ నుంచి నడపొచ్చా?

జవాబు: ఇది చదవగానే ఓవెన్ ఆపేయండి, బొగ్గుల బస్తా గ్యారేజ్ నుంచి ఇంట్లోకి రానివ్వొద్దు. నాన్నగారికి కోపం రాకుండా ఇలా చెప్పండి, మన ఊళ్ళో కుంపటి అరుగు మీదో పెంకుల కప్పు కిందో ఉండేది, గాలి అన్ని వైపుల నుంచీ ఆడేది, ఇక్కడ ఇల్లు చలికి బిగించిన డబ్బాలా ఉంటుంది నాన్నా, బొగ్గులు, గ్యాస్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు వాసన లేదు, తలనొప్పి, మత్తు అనుకుని పడుకుంటే లేవం. ఇంట్లో దాన్ని పసిగట్టే డిటెక్టర్ బటన్ ఇప్పుడే నొక్కి చూడండి, వెనకాల తేదీ కూడా చూడండి, వాటికీ ఆయుష్షు ఉంటుంది. నాలుగు బీప్‌లు, కాస్త ఆగి మళ్ళీ నాలుగు వస్తే అది కార్బన్ మోనాక్సైడే, అందరూ బయటికి వచ్చి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేయండి.

హీటర్ 1500 వాట్లది అయితే 120 వోల్టుల దగ్గర 12.5 ఆంప్స్ లాగుతుంది, మామూలు రూమ్ సర్క్యూట్ 15 ఆంప్సే. అంటే ఒక సర్క్యూట్‌కి ఒక్కటే, నేరుగా గోడ సాకెట్‌కే, ఎక్స్‌టెన్షన్ కార్డు, పవర్ స్ట్రిప్ వద్దు. స్మార్ట్ ప్లగ్ కూడా వద్దంటాను, గంటల తరబడి అంత లోడ్ మీద అది వేడెక్కుతుంది, పైగా మీరు ఆఫీసు నుంచి ఆన్ చేసేసరికి దాని మీద దుప్పటి జారి ఉందేమో మీకు కనబడదు. చుట్టూ మూడడుగులు ఖాళీ వదలండి, అరగంటకోసారి ప్లగ్ పట్టుకుని చూసి వేడిగా ఉంటే తీసేయండి. అందరూ ఒకే గదిలో తలుపేసుకుని పడుకోండి, నిద్రపోయే ముందు హీటర్ ఆపేసి రజాయిల మీద ఆధారపడండి.

ప్రశ్న: సంక్రాంతికి గుంటూరు వెళ్తున్నాం, మిన్నియాపోలిస్‌లో ఇల్లు మూడు వారాలు ఖాళీ. ఫర్నేస్ ఆగితే ఫోన్‌కి తెలిసేలా ఏం పెట్టాలి?

జవాబు: ముందు మీ థర్మోస్టాట్ ఏదో చూడండి. గూగుల్ వాళ్ళ నెస్ట్ లెర్నింగ్ థర్మోస్టాట్ మొదటి, రెండో తరం అయితే 2025 అక్టోబర్ 25 నుంచి వాటికి సపోర్ట్ లేదు, గోడ మీద పనిచేస్తుంది గానీ యాప్‌లో అందదు. అసలు థర్మోస్టాట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, 2016 జనవరిలో నెస్ట్ సాఫ్ట్‌వేర్ లోపంతో బ్యాటరీలు అయిపోయి చలిలో చాలా ఇళ్ళు చల్లబడ్డాయి. విడిగా ఒక వైఫై టెంపరేచర్ సెన్సర్ కొని 50 డిగ్రీలకి అలర్ట్ పెట్టండి, థర్మోస్టాట్ మాత్రం 55 కంటే కిందకి తగ్గించొద్దు. కరెంట్ పోతే వైఫై కూడా పోతుంది, గ్యాస్ వస్తున్నా బ్లోయర్, బోర్డు నడవవు కాబట్టి ఫర్నేస్ కూడా ఆగుతుంది, 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మనవాళ్ళు ఇది చూశారు. అంటే సెన్సర్ ‘ఆఫ్‌లైన్’ అయినా అది కూడా అలర్టే, అలాగే లెక్కేసుకోండి.

వెళ్ళేముందు మెయిన్ వాటర్ వాల్వ్ కట్టేసి కుళాయిలు ఒకసారి తెరిచి పైపుల్లో నీళ్ళు వదిలేయండి, అప్పుడు ఇల్లు గడ్డకట్టినా పైపు పగిలి అంతస్తంతా నీళ్ళు నిండే గండం చాలావరకు తప్పుతుంది. పక్కింటివాళ్ళకి తాళం ఇవ్వండి, ఫర్నేస్ స్విచ్ ఎక్కడుందో, వాల్వ్ ఎటు తిప్పాలో చూపిస్తూ ఒక నిమిషం వీడియో తీసి వాట్సాప్‌లో పంపి, ఫ్లైట్ ఎక్కేముందు వాళ్ళు చూశారో లేదో అడగండి.