పెరట్లో ఫౌంటెనా, కొలనా అని తేల్చుకునే ముందు మీ బోరు నీళ్లు చూసుకోండి

20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు పెరడు, బోరు నీళ్లు, ఇంట్లో రెండేళ్ల పాప, 40 వేల బడ్జెట్. ఇందులో వాటర్ వాల్ కట్టించుకోవాలా, చేపల కొలను తవ్వించాలా, చిన్న ఫౌంటెన్ కొనుక్కోవాలా అని అడిగారు. మొదటిది కట్టించుకుని ఏడాదిన్నరకే ఆపేసిన మనిషిని నేను. ఇప్పుడు మా పెరట్లో ఉన్నది ఆ మూడింటిలో ఏదీ కాదు, సిమెంటు వరల్లో కలువలు. ముందు ఆ వాటర్ వాల్ సంగతి చెప్తాను, అక్కడ పోసిన డబ్బులు మీకైనా పనికొస్తాయి.

మాది గుంటూరు శివార్లలో తూర్పు ముఖం ఇల్లు. అంటే పెరడు పడమర. ఆ పడమటి ప్రహరీకి ఆరడుగుల ఎత్తున మార్కాపురం పలకరాయి అంటించి, పైనుంచి నీళ్లు పలచగా జారేలా, కింద చిన్న తొట్టి. హోటల్లో చూసి మా ఆయన మనసు పడ్డారు. మా అత్తయ్యగారు మాత్రం మొదటి రోజు నుంచీ "నీళ్లుండాల్సింది ఈశాన్యంలో, పడమటి గోడకి నీళ్లేంటమ్మా" అంటూనే ఉన్నారు. తర్వాత అది చెడిపోయినప్పుడల్లా ఆవిడ వాస్తు అన్నారు, నేను పంపు అన్నాను. ఆ తగువు ఇప్పటికీ తేలలేదు.

పంపు విషయం నిజంగానే తెలుసుకోవాల్సింది. డబ్బా మీద గంటకి 1,000 లీటర్లు అని ఉంది, పక్కనే హెడ్ 2 మీటర్లు అని కూడా ఉంది. ఆరడుగులంటే మీటరుకి 83 సెంటీమీటర్లు ఎక్కువ, 2 మీటర్ల లోపే కదా, సరిపోతుందనుకున్నాం. కానీ ఆ 1,000 లీటర్లు ఎత్తు అసలు లేనప్పుడు పోసే లెక్క. హెడ్ 2 మీటర్లంటే ఆ ఎత్తుకి చేరేసరికి చుక్క కూడా రాదని అర్థం. మా గోడ మీద నీళ్లు జారలేదు, చెమట పట్టినట్టు కారాయి. రెండింతల హెడ్ ఉన్న పంపు మళ్లీ కొన్నాం. మీరు ఏది కొన్నా సరే, నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు కొలిచి, దానికి కనీసం రెండింతల హెడ్ ఉన్న పంపు అడగండి. షాపులో లీటర్లే చెప్తారు, హెడ్ మనమే అడగాలి.

కొత్త పంపుతో మూడు నెలలు బాగానే నడిచింది. తర్వాత నల్లటి పలకల మీద తెల్లటి చారలు మొదలయ్యాయి. మా బోరు నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, 1,400 మిల్లీగ్రాములు. తాగేనీటికి మన దేశ ప్రమాణం ప్రకారం 500 దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. తాగం కదా, గోడ మీదికే కదా అనుకున్నాం. అసలు చిక్కు అక్కడే ఉంది. ఎండకి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గినంత మళ్లీ బోరు నీళ్లే పోస్తాం. దాంతో తొట్టిలో ఉప్పు వారం వారం చిక్కబడుతూ పోతుంది. పలచగా గోడ మీద పారే నీళ్లైతే మరీ తొందరగా ఆరతాయి. చీపురుతో రుద్దాను, నిమ్మ ఉప్పు నీళ్లతో కడిగాను, పది రోజులు బాగుండేది, మళ్లీ మొదలు. పంపు లోపల రెక్కలకి కూడా సున్నం పట్టి అది గురక పెట్టేది. నెలకోసారి విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెట్టేదాన్ని.

ఒక వేసవిలో మా మనవడి స్కూలు స్కేలు తొట్టిలో నిలబెట్టి కొలిచాను. మే నెలలో ఎండా వడగాలీ కలిసి రోజుకి సుమారు ఒక సెంటీమీటరు నీళ్లు తీసుకుపోతున్నాయి. చదరపు మీటరుకి సెంటీమీటరంటే 10 లీటర్లు. మీరు అనుకుంటున్న చేపల కొలను 10 అడుగులు, 6 అడుగులు వేసుకున్నా అయిదున్నర చదరపు మీటర్లు. అంటే ఎండాకాలంలో రోజూ 55 లీటర్లు గాలిలోకి. ఏప్రిల్‌లో మీ బోరు నీళ్లు తగ్గి దగ్గడం మొదలుపెట్టే రకమైతే ఆ కొలను మాట ఇక్కడితో వదిలేయండి.

ఇక దోమలు. మా అమ్మాయి దగ్గరికని బెంగళూరు వెళ్లి 12 రోజులు ఉండిపోయాం. వెళ్తూ పంపు ఆపాం, తొట్టి ఖాళీ చేయడం మర్చిపోయాం. తిరిగొచ్చిన మర్నాడు శుక్రవారం, నిలవ నీళ్లు పారబోయించే డ్రై డే అని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూ మా పెరట్లోకి వచ్చింది. తొట్టిలో టార్చి వేసి చూస్తే లార్వాలు గిలగిలలాడుతున్నాయి. "ఏంటమ్మా, చదువుకున్నోళ్లు మీరే ఇట్టా పెడితే ఎట్టా" అంటూ నా చేతే ఆ నీళ్లు పారబోయించింది. తలెత్తుకోలేకపోయాను. డెంగీ తెచ్చే దోమకి మురికి నీళ్లు అక్కర్లేదు, మన ఫౌంటెన్‌లో ఉండేలాంటి శుభ్రమైన నిలవ నీళ్లే కావాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఎండాకాలం వారం, పది రోజులు చాలు. పారే నీళ్లలో దోమ గుడ్లు పెట్టదంటారు, నిజమే. కానీ మీ పంపు రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది? మాది సాయంత్రం రెండు గంటలు. మిగతా 22 గంటలూ అది ఫౌంటెన్ కాదు, నిలవ నీళ్ల తొట్టి.

గోడ ఆపేయడానికి అసలు కారణం మాత్రం కరెంటు. ఒకరోజు ఆకులు తీద్దామని చెయ్యి పెడితే జివ్వుమంది. పంపు వైరు చాలక ఎవరో మధ్యలో అతుకు వేసి టేపు చుట్టారు, ఆ అతుకు తడిసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, పెరటి లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) లేకుండా నీళ్లలో పంపు ఎలా వేశారని కోప్పడ్డాడు. మీరు ఏ రకం పెట్టుకున్నా ఇది మాత్రం ముందు వేయించండి. వీలైతే అడాప్టర్‌తో నడిచే 12 వోల్టుల పంపు తీసుకోండి, అడాప్టర్ నీళ్లకి దూరంగా, వాన తగలని చోట ఉండాలి. పాప ఉన్న ఇల్లు, ఇందులో బేరాలొద్దు.

ఇప్పుడు కలువల దగ్గరికి వస్తాను. బావులకీ ఇంకుడు గుంతలకీ వాడే సిమెంటు వరలు తెలుసు కదా. నాలుగడుగుల వెడల్పు వరలు రెండు తెచ్చి, నేల మీద కాంక్రీటు పోసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, లోపల వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూయించాం. నేల తవ్వలేదు కాబట్టి అత్తయ్యగారు కూడా "సర్లే" అన్నారు. గట్టు రెండడుగుల ఎత్తు, నీళ్లు ఒకటిన్నర అడుగు, మొత్తం 500 లీటర్ల పైచిలుకు. కూలీతో కలిపి మాకు 11 వేల లోపే అయింది. వేసవిలో రోజూ తగ్గేది 12 లీటర్లు, అంటే ఒక బకెట్టు.

కొత్త సిమెంటులో వెంటనే చేపలు వేయకండి, సున్నం ఊరి చచ్చిపోతాయి. మేం నింపడం, వారం ఉంచడం, పారబోయడం మూడుసార్లు చేశాం. అరటి బోదె ముక్కలు వేస్తే సిమెంటు ఘాటు పోతుందని పక్కింటి పెద్దాయన చెప్తే అవీ వేశాం. బోదె వల్ల పోయిందో, నీళ్లు మార్చడం వల్ల పోయిందో నాకైతే తెలీదు గానీ, ఆ తర్వాత వేసిన గప్పీ చేపలు పది బతికి, నాలుగు నెలల్లో లెక్కపెట్టలేనన్ని అయ్యాయి. దోమ లార్వా ఒక్కటి మిగలదు. మీ దగ్గర ఎవరైనా దోమ లార్వాల్ని తినే గంబూషియా చేపలు ఇచ్చినా పనిచేస్తాయి, కాకపోతే వాటిని కాలవల్లోకి, చెరువుల్లోకి వదలకండి, అక్కడి చిన్న చేపల్ని బతకనివ్వవు. కుళాయి నీళ్లు పోసేటట్టయితే క్లోరిన్ పోయేలా ఒక రోజు బకెట్లో ఉంచి పోయండి.

కలువ దుంపలు కడియం నుంచి తెచ్చాం. రాజమండ్రి వైపు ఎప్పుడైనా వెళ్తే అక్కడి నర్సరీల్లో ఒక పూట గడపండి, రంగులు చూసి తల తిరుగుతుంది. తామర అడిగితే నర్సరీ అతనే వద్దన్నాడు. తామర ఆకు నీళ్ల పైకి లేచి, దుంప దూరంగా పాకుతుంది, దానికి ఇంకా పెద్ద తొట్టి కావాలి. కలువ ఆకు నీళ్ల మీదే పరుచుకుంటుంది, చిన్న చోట సర్దుకుంటుంది. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో అడుగున చివికిన పశువుల ఎరువు గుప్పెడు, పైన మన నల్లరేగడి, ఆ పైన గులకరాళ్లు వేసి దుంప నాటి, టబ్బు మొత్తాన్ని నీళ్లలో దించాలి. ఎరువు ఎక్కువైతే నీళ్లు పచ్చగా పాచి పట్టిపోతాయి, నేను మొదటిసారి అదే చేశాను. రోజుకి అయిదారు గంటల ఎండ తగలాలి. ఆకులు సగానికి పైగా నీళ్లని కప్పేశాక పాచి దానంతటదే తగ్గింది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పడమటి ఎండకి పైన షేడ్ నెట్ కడతాం. ఇంకో సంగతి, కలువ ఆకుల మీద నీళ్లు చిమ్ముతుంటే దానికి గిట్టదు. కలువల మధ్యలో ఫౌంటెన్ ఫొటోల్లోనే బాగుంటుంది.

వేప చెట్టు కింద పెట్టకండి. ఉగాది ముందూ వెనకా పువ్వు రాలి నీళ్ల మీద చాపలా పరుచుకుంటుంది.

మరి ఉప్పు నీళ్లు? మేడ మీద వాన నీళ్లు గొట్టంలోంచి డ్రమ్ముల్లోకి పట్టి, అవే పోస్తున్నాం. మొదటి వాన దుమ్ముతో వస్తుంది, దాన్ని వదిలేస్తాం. 1,000 చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడినా లెక్క ప్రకారం 900 లీటర్ల పైనే. మా తొట్టి ఒకటిన్నర సార్లు నిండుతుంది. డ్రమ్ములకి మూతలు తప్పనిసరి, లేకపోతే ఆశా అమ్మాయి మళ్లీ వస్తుంది. వేసవిలో ఆ నీళ్లు అయిపోతే మున్సిపల్ కుళాయి. బోరు నీళ్లు పోయడం పూర్తిగా మానేశాం.

వానాకాలంలో కప్పలొస్తాయి, రాత్రి నిద్ర పట్టనివ్వవు. కప్పల కోసం ఒకసారి నీరుకట్టె కూడా వచ్చింది. విషం లేదని ఎంత చెప్పినా మా ఆయన రెండు రోజులు పెరటి తలుపు తీయలేదు. ఇవన్నీ ఉంటాయి, ముందే చెప్తున్నా.

మీ సంగతికి వస్తే, రెండేళ్ల పాప ఉండగా తెరిచిన నీళ్లు ఏవీ వద్దనే అంటాను. ఆ వయసు పిల్లలకి బకెట్టులో నీళ్లు కూడా ప్రమాదమే, చప్పుడు కూడా వినపడదు. మా మనవడు వచ్చినప్పటి కోసం వర లోపల నీళ్లకి రెండంగుళాల కింద ఇనప మెష్ బిగించి పెట్టాం, ఆకులు కన్నాల్లోంచి పైకి వస్తాయి. అయినా వాడు పెరట్లో ఉన్నంతసేపూ ఒకరం అక్కడే ఉంటాం.

నీళ్ల చప్పుడు కావాలనుకుంటే మా చెల్లెలు హైదరాబాదులో చేయించుకున్నది మీకు సరిపోతుంది. భూమిలో 200 లీటర్ల డ్రమ్ము పాతి, మూతి మీద మందపాటి ఇనప జాలీ వేసి, దాని మీద గులకరాళ్లు పోశారు. మధ్యలో మా అమ్మమ్మ తిరగలి పైరాయి పెట్టారు. దానికి నడి మధ్యలో కన్నం ఎటూ ఉంటుంది కదా, డ్రమ్ములోని పంపు గొట్టం అందులోంచి పైకి వస్తుంది. రాయి మీంచి నీళ్లు ఊటలా పొంగి, రాళ్ల మధ్యనుంచి మళ్లీ డ్రమ్ములోకి ఇంకిపోతాయి. పైన నిలిచే నీళ్లు లేవు, పాప రాళ్ల మీద కూర్చుని ఆడుకోవచ్చు. ఎత్తు తక్కువ కాబట్టి 18 వాట్ల పంపు చాలింది. రోజుకి నాలుగు గంటలు వేస్తే నెలకి రెండు యూనిట్ల పైచిలుకు. డ్రమ్ములో దోమలు పెట్టకుండా జాలీ కింద సన్నటి దోమల వల కూడా పరిపించండి, ఊరెళ్తే డ్రమ్ము తోడించేయండి. మీ బడ్జెట్‌లో సగం కూడా కాదు.

బోరు నీళ్ల టీడీఎస్ ఎంతో, పెరడు ఏ దిక్కో చెప్తే ఇంకొంచెం వివరంగా రాస్తాను. టీడీఎస్ మీటరు ఆర్‌వో మెషీన్ బాగుచేసే కుర్రాడి జేబులో ఉంటుంది, అడిగితే నిమిషంలో చూసి చెప్తాడు. మా పలకరాయి గోడ అలాగే ఉంది, దాని మీదికి శంఖుపూల తీగ పాకించాను. తెల్ల చారలు కనపడటం లేదు.