ఆసనాలు వేస్తున్నా కోపం తగ్గకపోతే

రోజూ గంటసేపు ఆసనాలు వేస్తున్నా, పిల్లవాణ్ణి బడికి తయారుచేసే వేళకు అరుపులు తప్పడం లేదని మీరు రాశారు. అష్టాంగ యోగంలో మొదటి రెండు అంగాలైన యమనియమాలను (అహింస, సత్యం వంటి నడవడి నియమాలను) దాటేసి, మూడో అంగమైన ఆసనం దగ్గరే సాధన ఆగిపోవడం ఇందుకు కారణం కావచ్చు.

చాలామంది వదిలేసే మెట్టు పతంజలి యోగసూత్రాల సాధనపాదంలో 33వ సూత్రం చెప్పే ప్రతిపక్ష భావన. అది కోపాన్ని దిగమింగమనదు; హింసకు పురిగొల్పే ఆలోచన తలెత్తగానే దానికి ఎదురైన భావాన్ని బుద్ధిపూర్వకంగా తెచ్చుకోమంటుంది. శీర్షాసనం కన్నా ఇదే కష్టమని నా అభిప్రాయం.

1. వాడు బూటు లేసు ముడి వేసుకోలేక తంటాలు పడుతుండగా మీ గొంతు లేవబోతే, ముందు ఊపిరిని నిదానంగా, పూర్తిగా వదలండి.

2. ఈ అరుపు ఇద్దరికీ మిగిల్చేది దుఃఖమేనని తలచుకోండి. హింస ఫలితం గురించి 34వ సూత్రం చెప్పేదీ అదే.

3. ఆ తరువాతే నోరు తెరవండి.

ఆసనాల సమయం పెంచనక్కరలేదు.