సమాధానం: ఆమదాలవలస అండర్-15 క్రికెట్ టోర్నీకి కుర్రాళ్లు మళ్లీ రావాలంటే

ఒకసారి ఆడినవాళ్లు మరుసటి ఏడాది రావట్లేదన్నారు. కారణం చాలావరకు నాకౌట్ పద్ధతే. మీ 8 జట్లలో 4 ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి పోతాయి. ఆ మ్యాచ్‌లోనూ ఏడో నంబరు తర్వాతి వాడికి బ్యాటూ దక్కదు, బంతీ దక్కదు. ఎండలో ఫీల్డింగ్‌కే అయితే ఎవరొస్తారు?

1. నాలుగేసి జట్లతో రెండు గ్రూపులు చేయండి. అందరికీ కనీసం 3 మ్యాచ్‌లు. సెమీస్, ఫైనల్‌తో కలిపి 15 అవుతాయి కాబట్టి 12 ఓవర్లే పెట్టండి.

2. బౌలర్‌కు 2 ఓవర్లే. ఆరుగురికి తప్పక బంతి దక్కుతుంది.

3. అందరూ వదిలేసేది ఇదే: 15 బంతులాడిన బ్యాటర్ రిటైర్ కావాలి, అంటే అవుట్ కాకున్నా బయటికి రావాలి. రూలు రాసుకుంటారు గానీ లెక్కపెట్టేవాడుండడు, చివరికి "ఇంకో ఓవర్ ఆడనీ సార్" అంటారు. స్కోరు పుస్తకంలో ప్రతి పేరు పక్కన 15 గడులు గీయించండి. బంతికో టిక్కు, వైడ్‌కు వద్దు. 14వ టిక్కు పడగానే స్కోరర్ చెయ్యెత్తి, ఇంకొక్క బంతే ఉందని అంపైర్‌కు చూపాలి. మిగతా అందరూ అవుటయ్యాకే, రిటైరైనవాళ్లు అదే వరుసలో మళ్లీ దిగాలి. టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లకూ చెప్పేయండి.

4. మార్చిలో పదో తరగతి పరీక్షలు. సంక్రాంతి సెలవుల్లోగా ఫైనల్ ముగించండి.