బీడులోకి గుర్రాలను తోలే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మంగళగిరి దగ్గర కౌలుకు తీసుకున్న బీడు ఫోటోలు చూశాను. గడ్డి బాగుంది. కానీ గట్టు వెంట ఆ గులాబి పూలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. అది గన్నేరు, హైవే డివైడర్లలో పెంచే చెట్టే. దాన్ని తీసేదాకా ఒక్క గుర్రాన్నీ లోపలికి తోలకు.

పచ్చి గన్నేరాకు చేదు, కడుపు నిండిన గుర్రం ముట్టదు. నరికిన కొమ్మ వాడిపోతే చేదు తగ్గుతుంది గానీ విషం తగ్గదు. గుప్పెడు ఆకులు చాలు, గుండె లయ తప్పుతుంది. గుర్రానికి వాంతి కూడా కాదు. అందుకని నరికించిన రోజే కొమ్మలన్నీ పట్టా మీద పోగు చేయించి, రాలిన ఆకులు ఊడ్పించి బయటికి పంపు. తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా విషమే. మొదలు ఉంచితే మళ్ళీ చిగురేస్తుంది. మన రేగడి ఎండాకాలంలో రాయిలా ఉంటుంది కాబట్టి తొలకరికి నేల మెత్తబడగానే వేళ్ళతో పెకలించు.

పక్క చేలో సుబాబుల్‌ను మేకలు తింటున్నాయి కదా అన్నావు. నేనూ అలాగే అనుకుని దెబ్బతిన్నాను. పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రానికి ఒక ఎండాకాలం పచ్చిమేత దొరక్క రోజూ సుబాబుల్ మోపే వేశాను. కొన్ని వారాలకు జూలు దువ్వుతుంటే వెంట్రుకలు కుదుళ్ళతో సహా బ్రష్‌కు చుట్టుకుని వచ్చాయి. గజ్జి అనుకుని వేపనూనె రాశాను. తోక కూడా పలచబడ్డాక పశువుల డాక్టరు వచ్చి, ముందు మేత మోపు విప్పి చూశారు. ఆ ఆకులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. మేకల, గేదెల పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేయగలవు, గుర్రానికి ఆ వీలు లేదు. మేత మాన్పించినా జూలు రావడానికి నెలలు పట్టింది. ఆ గుర్రం ముఖం చూడలేకపోయేవాణ్ణి.

సుబాబుల్ వైపు కంచె ఆరడుగులు ఇవతలికి జరుపు, గుర్రం మెడ చాచినా కొమ్మ అందకూడదు. కాయలు రాలి మొలిచే మొక్కలను జానెడున్నప్పుడే పీకించు. ఆముదం చెట్లుంటే అవీ తీసెయ్, గింజ మహా విషం. నీడకు ఆ రెండు వేపలు చాలు.

ఏ గుర్రమైనా చెమటలు పట్టి, కాలితో నేల గీరుతూ, పొట్ట వైపు తిరిగి చూస్తుంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు ఫోన్ చెయ్. గన్నేరు తిన్నదని అనుమానముంటే దాన్ని నడిపించకు, గుండెకు శ్రమ. తిన్న కొమ్మ ఒకటి దాచి ఆయనకు చూపించు.

కూలీలను పెట్టే రోజు ముందే చెప్పు. బెజవాడలో తొలి బస్సెక్కి వస్తాను, గట్టు చుట్టూ ఒకసారి నేనే నడిచి చూస్తాను.

నీ మావయ్య