తిరుచానూరు ఓటు చంద్రగిరికి ఎందుకు?

ప్రశ్న: మాది తిరుచానూరు. ఆటో ఎక్కితే కాసేపట్లో తిరుపతి బస్టాండులో దిగుతాం. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు కలెక్టరేటును కూడా మా ఊరి దగ్గరే, పద్మావతీ నిలయంలో పెట్టారు. అయినా మా ఇంట్లో అందరి ఓటూ చంద్రగిరి నియోజకవర్గంలోనే ఉంది. లోక్‌సభ ఓటు చిత్తూరుకు పోతుంది. దీనికేమైనా లెక్క ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ. అయితే ఆ లెక్కకు బస్టాండు ఎంత దూరమన్నది పట్టదు, ఎంతమంది జనం ఉన్నారన్నదే పడుతుంది. ఇప్పుడున్న హద్దులు 2002 నాటి నియోజకవర్గాల పునర్విభజన చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ నిర్ణయించినవి. 2008లో ఉత్తర్వు వెలువడింది, 2009 ఎన్నికలు ఆ హద్దుల మీదే జరిగాయి. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 7.62 కోట్ల మంది ఉన్నారు. వారిని 294 శాసనసభ స్థానాలకు పంచితే ఒక్కో స్థానానికి దాదాపు 2.59 లక్షల మంది వస్తారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా 37.45 లక్షలు. భాగించి చూడండి: పద్నాలుగుంపావు దాటుతుంది గానీ పద్నాలుగున్నరకు చేరదు. అంతకుముందు 15 మంది ఎమ్మెల్యేలను పంపిన జిల్లాకు 14 స్థానాలే మిగలడానికి కారణం ఆ కాస్త తక్కువే.

స్థానాల సంఖ్య తేలాక జిల్లా లోపల సర్దుబాటు మొదలవుతుంది. ప్రతి శాసనసభ నియోజకవర్గం ఒకే జిల్లాలో ఉండాలనీ, జనాభా సగటుకు పది శాతానికి మించి అటూ ఇటూ పోకుండా చూడాలనీ, వీలైనంతవరకు మండలాలను విడదీయకూడదనీ కమిషన్ మార్గదర్శకాలు పెట్టుకుంది. 2001లో ఒక్క తిరుపతి పట్టణంలోనే 2.28 లక్షల జనాభా ఉంది. దానికి తిరుమల వంటి మిగతా ప్రాంతాలను కలిపేసరికే తిరుపతి అర్బన్ మండలం ఒక నియోజకవర్గానికి దాదాపు సరిపోయింది. పక్కనే ఉన్న రూరల్ మండలానికి అందులో చోటు లేకపోయింది. కనుక తిరుపతి రూరల్ మండలాన్ని చంద్రగిరి, రామచంద్రాపురం, పాకాల, చిన్నగొట్టిగల్లు, ఎర్రావారిపాళెం మండలాలతో కలిపి చంద్రగిరి నియోజకవర్గం చేశారు. ఫలితంగా కొండమీది స్వామివారు తిరుపతి నియోజకవర్గంలోనూ, మీ ఊరి అమ్మవారు చంద్రగిరి నియోజకవర్గంలోనూ ఉన్నారు. భక్తులకు దీనితో పని లేదు గానీ, ప్రచారానికి వచ్చే అభ్యర్థులకు ఏ వీధిలో ఆగాలో తెలిసి ఉండాలి.

లోక్‌సభ సంగతి మరింత సులువు. ఉమ్మడి రాష్ట్రంలో 294 శాసనసభ స్థానాలకు 42 లోక్‌సభ స్థానాలు, అంటే ఏడింటికి ఒకటి. చిత్తూరు జిల్లాలోని పద్నాలుగింటిలో ఏడు చిత్తూరుకు పోయాయి, వాటిలో చంద్రగిరి ఒకటి. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు స్థానాలకు నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి చేరి తిరుపతి లోక్‌సభ స్థానమైంది. మిగిలిన నాలుగు కడప జిల్లాలోని మూడింటితో కలిసి రాజంపేటకు వెళ్లాయి.

ఇంత జాగ్రత్తగా ఒకే జిల్లాలో ఇమిడ్చిన గీతలను 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజన మళ్లీ చిక్కుముడి వేసింది. నియోజకవర్గాలను మార్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదు, జిల్లాలను మార్చే అధికారం ఉంది. లోక్‌సభ స్థానానికో జిల్లా అన్నది ఆనాటి సూత్రమైనా, చంద్రగిరిని తిరుపతి జిల్లాలో చేర్చారు, సర్వేపల్లిని నెల్లూరులోనే ఉంచారు. నగరి నియోజకవర్గంలో పుత్తూరు, వడమాలపేట మండలాలు తిరుపతి జిల్లాకు రాగా నగరి, నిండ్ర, విజయపురం చిత్తూరులో ఉండిపోయాయి. ఆ ఎమ్మెల్యే ఒక పని మీద ఇద్దరు కలెక్టర్లకు చెప్పుకోవలసిన పరిస్థితి. నా మటుకు నాకు ఇది మీ ఇబ్బంది కన్నా పెద్దదే అనిపిస్తుంది.

ప్రశ్న: వాయల్పాడు, పుత్తూరు, వేపంజేరి నియోజకవర్గాలు ఏమయ్యాయి? – పీలేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ మూడూ 2009 నుంచి లేవు, గంగాధరనెల్లూరు, పూతలపట్టు కొత్తగా వచ్చాయి, రెండూ ఎస్సీలకు రిజర్వు అయ్యాయి. అంతవరకు రిజర్వుడుగా ఉన్న పలమనేరు జనరల్ అయింది. పుత్తూరు మండలం నగరిలో కలిసింది. వాయల్పాడు, కలికిరి, కలకడ, గుర్రంకొండ మండలాలు మీ పీలేరులో చేరాయి. వాయల్పాడు నుంచి 1989, 1999, 2004లలో గెలిచిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి 2009లో పీలేరు నుంచి పోటీ చేసి గెలిచి, మరుసటి ఏడాది నవంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. ఊరికి వాల్మీకిపురమన్న పేరు కూడా ఉంది కాబట్టి పాత ఫలితాలు వెతికేవారు రెండు పేర్లతోనూ చూడాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1976 నాటి పునర్విభజన ఉత్తర్వు హద్దులను ఫిర్కాల (తాలూకాలో కొన్ని ఊళ్లను కలిపిన పాత రెవెన్యూ విభాగాల) పేర్లతో చెప్పింది. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మండలాలను తెచ్చాక ఫిర్కాలు జనం నోట మాసిపోయినా, ఎన్నికల హద్దు మాత్రం 2009 దాకా పాత ఫిర్కా గీత మీదనే నడిచింది. ఒకే మండలంలోని ఊళ్లు రెండు నియోజకవర్గాలకు ఓటు వేసిన రోజులవి.

ప్రశ్న: తిరుత్తణి ఒకప్పుడు మన శాసనసభకు ఓటు వేసేదని మా అవ్వ చెప్పేది. నిజమేనా? – నగరి పాఠకురాలు

జవాబు: మీ అవ్వగారి మాట నిజం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచీ తిరుత్తణి ఇందులోనే ఉండేది. 1955 ఎన్నికల్లో అక్కడివారు ఆంధ్ర శాసనసభకే ఓటు వేశారు. ఆంధ్ర, మద్రాసు సరిహద్దు వివాదంలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫార్సుల మీద వచ్చిన సరిహద్దు మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1 నుంచి అమలై, తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది. చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. ఈ జిల్లాలో రాష్ట్ర సరిహద్దే కదిలి ఓటరు రాష్ట్రం మారిపోయిన సందర్భం ఇది.

ప్రశ్న: నియోజకవర్గాలు మళ్లీ ఎప్పుడు మారతాయి? – చిత్తూరు పాఠకుడు

జవాబు: 2026 తరువాత జరిగే మొదటి జనాభా లెక్కలు ప్రకటించేదాకా శాసనసభ స్థానాల సంఖ్య మారకూడదని రాజ్యాంగంలోని 170వ అధికరణం చెబుతోంది. 2014 నాటి రాష్ట్ర విభజన చట్టం 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుంచి 225కు పెంచాలని చెప్పినా, అది ఆ అధికరణానికి లోబడే ఉంటుంది. కనుక అప్పటిదాకా 2001 నాటి జనాభా లెక్కే మన ఓటుకు కొలత.